తుంటి ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రేలో ‘సున్నం’ కనిపిస్తే

ప్రశ్న: మా అత్తమ్మకు 66 ఏళ్లు. మాది చండూరు దగ్గర పల్లె. నాలుగు నెలల కింద బోరు కాడ కాలు జారి పడితే కుడి తుంటి కింద ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్డు, స్క్రూలు వేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకొని ఇంట్లో తిరుగుతోంది. మొన్న నల్లగొండలో మళ్లీ ఎక్స్‌రే తీయిస్తే, తుంటి చుట్టూ కాల్సిఫికేషన్ ఉందని రిపోర్టులో రాశారు. ఒంట్లో కాల్షియం ఎక్కువై సున్నం పేరుకుందని, కాల్షియం గోళీలు, పాలు బంద్ చేయాలని తెలిసినవాళ్లు చెప్తే ఆపేశాం. తుంటి పక్కన నొప్పి ఉంది. కింద కూర్చోలేకపోతోంది. ఆముదం పట్టించి మాలిష్ చేసి కాలు గట్టిగా వంచితే ఆ సున్నం విడిపోతుందని ఊర్లో ఒకాయన అంటున్నాడు. ఇది ప్రమాదమా? మళ్లీ ఆపరేషన్ పడుతుందా? ఆమె ఇన్నేళ్లూ బోరు నీళ్లే తాగింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ముందు రెండు పనులు చేయండి. రక్తంలో కాల్షియం ఎక్కువ ఉందనో, కిడ్నీలో రాళ్లున్నాయనో ఏ డాక్టరూ ఇంతకుముందు చెప్పి ఉండకపోతే పాలు, పెరుగు, కాల్షియం గోళీలు మళ్లీ మొదలుపెట్టండి. మాలిష్ చేస్తానన్న ఆయనను రావద్దని చెప్పండి. మిగతా విషయాలు నిదానంగా తేల్చుకోవచ్చు. ఈ రెండింటినీ మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

కాల్సిఫికేషన్ అని రిపోర్టులో రాశారంటే, ఉండకూడని చోట తెల్లగా ఏదో కనిపించిందని మాత్రమే అర్థం. ఆ తెలుపు ఏమిటో ఒక్క ఫిల్మ్ చూసి రేడియాలజిస్టు అన్నిసార్లూ చెప్పలేరు. ఆపరేషన్ ఎప్పుడైందో, లోపల ఏం వేశారో, ఆమె కాలు ఎంత వంగుతోందో ఆయనకు తెలియదు. తుంటి విరిగినవాళ్ల ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేవి కనీసం అరడజను రకాలు ఉంటాయి. కొన్ని మంచికి గుర్తు. కొన్ని ఏళ్ల నాటి నుంచి ఉన్నవే, ఇప్పుడు కొత్తగా కంటపడ్డాయి. ఒకటి రెండు మాత్రం జాగ్రత్తగా చూడాల్సినవి.

వీటిని విడదీయడానికి అన్నిటికంటే పనికొచ్చేది కొత్త స్కానింగ్ కాదు, ఆమె పడ్డ రోజు తీసిన మొదటి ఎక్స్‌రే. అది ఇంట్లో ఏ సంచిలోనో, డిశ్చార్జి కాగితాల మధ్యనో ఉంటుంది, వెతికి తీయండి. ఆపరేషన్ మరునాడు తీసింది, ఆరు వారాలప్పుడు తీసింది కూడా బయటపెట్టండి. తేదీల వరుసలో పక్కపక్కన పెట్టి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈ తెలుపు పడ్డ రోజు ఫిల్మ్‌లో కూడా ఉంటే, దానికి ఆపరేషన్‌తో గానీ మీరు వేసిన కాల్షియం గోళీలతో గానీ సంబంధం లేదు. అప్పుడు లేకుండా ఇప్పుడు కనిపిస్తే, పడ్డాక గానీ ఆపరేషన్ తర్వాత గానీ కొత్తగా వచ్చినదన్నమాట. ఇంకో సంగతి: చాలా చోట్ల విరిగిన వైపు తుంటికి మాత్రమే ఎక్స్‌రే తీస్తారు. మీరు రెండు తుంటులూ, మొత్తం కటి ఎముకలూ ఒకే ఫిల్మ్‌లో పడేలా తీయమని అడగండి. రెండు పాదాలూ కొంచెం లోపలికి, సుమారు 15 డిగ్రీలు తిప్పి తీస్తే తొడ ఎముక మెడ భాగం సాగి స్పష్టంగా పడుతుంది. ఆపరేషన్ అయిన కాలు నొప్పితో తిరగకపోతే బలవంతంగా తిప్పనివ్వకండి. దీంతో పాటు ఆపరేషన్ అయిన వైపు పక్క నుంచి ఇంకో ఫిల్మ్, రాడ్డు కింది కొస దాకా కనిపించేలా ఉండాలి. ట్యూబ్‌లైట్‌కు అడ్డం పట్టి ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపే ఫొటోలో ఈ తేడాలు కనిపించవు. ఫిల్మో, సీడీయో చేతికి ఇవ్వమని అడిగి తీసుకోండి.

ఇప్పుడు ఆ తెలుపు ఏమేమి కావచ్చో చూద్దాం.

మీ అత్తమ్మ విషయంలో మొదట అనుకోవాల్సింది కాలస్. విరిగిన చోట శరీరం వేసుకునే అతుకు ఎముక అది. రాడ్డు వేశారన్నారు కాబట్టి విరిగింది తొడ ఎముక మెడ కంటే కింద, పక్కకు పొడుచుకొచ్చే పెద్ద గుబ్బ దగ్గర అయి ఉంటుంది. అక్కడ ఎముకకు రక్తం బాగా అందుతుంది, చుట్టూ కండ దట్టంగా ఉంటుంది. అందుకే అక్కడ అతుకు గట్టిగా, కొన్నిసార్లు మోటుగా కూడా వేస్తుంది. మొదట మెత్తగా ఉండే ఆ అతుకులో కాల్షియం చేరేకొద్దీ నాలుగు నుంచి ఆరు వారాలకు ఎక్స్‌రేలో మబ్బు ముక్కలా మసకగా కనపడుతుంది. మూడు, నాలుగు నెలలకు విరిగిన గీత రెండు ఒడ్డులనూ కలుపుతుంది. ఆ తర్వాత ఏడాది, రెండేళ్ల పాటు నునుపు తేలుతుంది. నాలుగు నెలల ఫిల్మ్‌లో విరిగిన గీత మీద తెలుపు ఉందంటే ఆపరేషన్ పని చేస్తోందని అర్థం. అది కనపడకపోతేనే బెంగ పడాలి. అదే విరిగింది తొడ ఎముక పైకొసన ఉండే బంతి కింద, మెడ దగ్గర అయితే లెక్క వేరు. అక్కడ ఎముక పైపొరకు కాలస్ వేసే గుణం లేదు, కాబట్టి అక్కడ తెల్లటి అతుకు కోసం ఎదురుచూడకూడదు. గీత మెల్లగా మాయమవుతుందా లేదా అన్నదే చూస్తారు.

తొడ లోపలి వైపు, గజ్జకు కాస్త కింద, విడిగా ఒక తెల్లటి ముక్క ఉందేమో చూడమనండి. ఎముక ఇలా విరిగినప్పుడు లోపలి చిన్న గుబ్బ తరచూ ఊడిపోతుంది. వెన్ను నుంచి వచ్చే బలమైన కండరం దాన్ని పైకి, లోపలికి లాగేస్తుంది. ఆ ముక్కను సాధారణంగా ఎవరూ తిరిగి బిగించరు, అది ఉన్నచోటే ఎముకగా అతుక్కుంటుంది. రాసేవారు తొందరలో దాన్ని కూడా కాల్సిఫికేషన్ అని రాయవచ్చు. మొదటి రోజు ఫిల్మ్‌లో అదే ముక్క కనిపిస్తే ఆ అనుమానం అక్కడితో తీరిపోతుంది.

మూడోది, మీరు గట్టిగా తెలుసుకోవాల్సింది, ఎముక లేని చోట, కండలో కొత్తగా ఎముక పుట్టడం. డాక్టర్లు హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారు. ఇది సున్నం పేరుకోవడం కాదు, పొరలూ మజ్జా ఉన్న నిజమైన ఎముక. దెబ్బ తిన్న కండలోని కణాలు దారి తప్పి ఎముక కణాలుగా మారతాయి. రాడ్డు వేసేటప్పుడు పెద్ద గుబ్బ కొస దగ్గర ఎముకను తొలుస్తారు. ఆ తొలిచిన పొడి, మజ్జ పక్కనున్న పిరుదు కండలో పడతాయి. అందుకే రాడ్డు పైకొస దగ్గర చిన్న చిన్న తెల్లటి దీవులు కనిపించడం మామూలే. మూడు నుంచి ఆరు వారాల్లో ఎక్స్‌రేలో మొదలై, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ముదురుతుంది. మగవాళ్లలో, తలకు లేదా వెన్నుపాముకు దెబ్బ తగిలినవాళ్లలో, తుంటి జారి ఊడినవాళ్లలో, ఇంతకుముందు ఒకసారి ఇలా వచ్చినవాళ్లలో, నడుము ఎముకలు బిగుసుకుపోయే స్పాండిలైటిస్ ఉన్నవాళ్లలో ఎక్కువ.

దీని తీవ్రతను నాలుగు మెట్లుగా లెక్కిస్తారు. 1973లో బ్రూకర్, ఆయన సహచరులు పెట్టిన లెక్క ఇది, ఇప్పటికీ వాడుతున్నారు. కండలో అక్కడక్కడ దీవుల్లాంటి ఎముక ఉంటే మొదటి మెట్టు. కటి ఎముక నుంచి గానీ తొడ ఎముక నుంచి గానీ ముల్లులా పొడుచుకొచ్చి, ఎదురెదురు కొసల మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే రెండోది. ఆ ఖాళీ సెంటీమీటరు కంటే తక్కువైతే మూడోది. రెండూ కలిసిపోయి కీలు కదలనట్టు కనిపిస్తే నాలుగోది. మొదటి రెండు మెట్లలో చాలామందికి అది ఉందన్న సంగతే తెలియదు, నడకకు అడ్డు రాదు, ఏమీ చేయనక్కర లేదు. మీ డాక్టరును రెండే మాటలు అడగండి: “ఇది కాలసా, కండలో ఎముకా? కండలో ఎముకైతే ఎన్నో మెట్టు?” రిపోర్టులో ఉన్న ఒక్క మాట కంటే ఈ రెండు జవాబులు మీకు ఎక్కువ ఉపయోగం.

మాలిష్ ఎందుకు వద్దన్నానంటే కారణం ఇదే. ముదరని కొత్త ఎముక ఉన్న కండను పిసికినా, బిగిసిన కాలును బలవంతంగా వంచినా లోపల కండ చిట్లి రక్తం కారుతుంది. ఆ రక్తం గడ్డ కట్టిన చోట ఇంకా ఎముక పుడుతుంది. మోచేతికి దెబ్బ తగిలినప్పుడు మాలిష్ చేయించుకొని చెయ్యి శాశ్వతంగా బిగిసిపోయినవాళ్లను పల్లెల్లో చూస్తాం, తుంటికీ అదే సూత్రం. పైగా మీ అత్తమ్మకు లోపల స్క్రూ బంతిలోకి దిగి ఉంది. బలవంతపు మెలితో మెత్తటి ఎముకలో ఆ స్క్రూ జారవచ్చు. ఎముక విరగ్గొట్టి సున్నం తీసే మాలిష్ ఎక్కడా లేదు.

ఇక మీ బోరు నీళ్ల ప్రశ్న. చండూరు, మునుగోడు, మర్రిగూడ, నారాయణపూర్ ప్రాంతాల నుంచి వచ్చిన ఏ ఎక్స్‌రే అయినా ఫ్లోరోసిస్‌ను మనసులో పెట్టుకునే చూడాలి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని భారత ప్రమాణం. మన దగ్గర గ్రానైటు రాళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో దీనికి ఎన్నో రెట్లు ఉన్న ఊళ్లు ఉన్నాయి. దశాబ్దాల పాటు ఆ నీళ్లు తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరి, ఎముకను మామూలు కంటే తెల్లగా, దట్టంగా చేస్తుంది. ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు, కండ నరాలు ఎముకకు అతికే చోట్ల కూడా సున్నం పట్టిస్తుంది. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు.

కటి ఎక్స్‌రేలో దాని గుర్తులు ఇవి. మొత్తం ఎముక సుద్దముక్కలా తెల్లగా, లోపలి గీతలు కనపడనంత దట్టంగా ఉంటుంది. నడుము చివరి త్రికం నుంచి మనం కూర్చునే ఎముక దాకా సాగే లిగమెంట్లు తెల్లటి చారల్లా తేలతాయి. కటి ఎముక పై అంచు, తొడ గుబ్బలు కుచ్చుల్లా గరుకుగా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం: ఇవన్నీ రెండు వైపులా ఉంటాయి. కండలో పుట్టిన ఎముక అయితే ఆపరేషన్ అయిన కుడివైపే ఉంటుంది. రెండు తుంటులూ ఒకే ఫిల్మ్‌లో తీయమన్నది ఇందుకే. ఇంకా అనుమానం మిగిలితే ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పలుచటి పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర వెంట ముళ్లలా తెల్లగా సున్నం పడుతుంది, మన ప్రాంతంలో ఈ గుర్తు కనిపిస్తే ఫ్లోరోసిస్ అని చాలావరకు చెప్పేయవచ్చు. ఉదయం మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ఇంటి నీళ్ల పరీక్ష దాన్ని బలపరుస్తాయి.

ఫ్లోరోసిస్ ఉందని తేలితే మీ అత్తమ్మ విషయంలో నాలుగైదు సంగతులు మారతాయి. తెల్లగా, దట్టంగా ఉన్నా ఆ ఎముక బలమైనది కాదు, పెళుసుది. డెక్సా స్కానులో ఎముక సాంద్రత బాగుందని వచ్చినా నమ్మి, ఎముక గట్టిగా ఉందనుకోవద్దు. అల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్ష కండలో ఎముక పుట్టినప్పుడు పెరుగుతుందని చెప్తారు. నిజమే, కానీ ఎముక అతుక్కునేటప్పుడూ పెరుగుతుంది, ఫ్లోరోసిస్‌లోనూ పెరుగుతుంది. కాబట్టి ఆ అంకె ఒక్కటి చూసి ఏమీ తేల్చకూడదు. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు ఈ మాట ముందే చెప్పండి. నడుము లిగమెంట్లు సున్నం పట్టి ఉంటే వెన్నులో మత్తు సూది దిగడం కష్టం. మెడ బిగిసి ఉంటే గొంతులో గొట్టం వేయడమూ కష్టమే.

ఇంకొకటి ఆలోచించండి: ఆమె ఎందుకు పడింది? కేవలం నాచు మీద జారితే సరే. పడక ముందే కాళ్లు రెండూ బిగుసుకున్నట్టు, బరువెక్కినట్టు ఉండి, నడక తడబడుతూ ఉండేదా? చెప్పులు జారిపోయినా తెలియకుండేదా? మూత్రం ఆపుకోలేకపోవడం, కాళ్లలో తిమ్మిరి ఉన్నాయా? ఫ్లోరోసిస్‌లో వెన్ను లోపలి లిగమెంట్లు ముదిరి వెన్నుపామును నొక్కుతాయి, అందువల్ల కూడా మనిషి పడిపోతుంది. ఆ గుర్తులుంటే తుంటి ఎక్స్‌రే చుట్టూ తిరగకుండా మెడ నుంచి నడుము దాకా ఎమ్మారై తీయించి హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో న్యూరో డాక్టరుకు చూపించాలి. తుంటి ఎంత బాగా అతికినా, దీన్ని వదిలేస్తే మళ్లీ పడుతుంది.

ఫ్లోరైడ్‌ను ఎముకలోంచి తీసేసే మందు లేదు. కొత్తగా చేరకుండా ఆపడమే దారి. చాలా ఇళ్లలో తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడతారు. అన్నం, పప్పు నీటిని పీల్చుకుంటాయి, ఫ్లోరైడ్ దాంతోపాటే లోపలికి పోతుంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో ఇంకా చిక్కనవుతుంది. తాగడం, వంట, టీ అన్నిటికీ భగీరథ నీళ్లో, ఆర్వో నీళ్లో వాడండి. ఫ్లోరైడ్ టీ ఆకులోనూ, నల్లుప్పులోనూ బాగా ఉంటుంది. రోజుకు నాలుగైదు కప్పుల టీ తాగే అలవాటు ఉంటే రెండుకు తగ్గించండి.

కాల్షియం సంగతి ఇప్పుడు చెప్తే బాగా అర్థమవుతుంది. కండలో ఎముక పుట్టేది తిన్న కాల్షియం ఎక్కువై కాదు, అక్కడి కణాలు మారినందువల్ల. పాలు ఆపితే అది ఆగదు. మరోవైపు, తిండిలోని కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకొని ఒంట్లోకి చేరకుండా కొంత అడ్డుకుంటుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో పాలు, పెరుగు మానేసిన మనిషికి ఆ కాపలా పోతుంది. అంతేకాదు, తిండిలో కాల్షియం తగ్గితే శరీరం ఉన్న ఎముకలోంచే లాక్కుంటుంది, విరిగిన ఎముక అతుక్కోవడానికి కావలసిన సరుకు తగ్గిపోతుంది. బహిష్టులు ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ లెక్క. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు, 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటాయి. పొద్దున రాగి జావ, రెండు పూటలా పెరుగు, ఒక గ్లాసు పాలు, నువ్వుల పొడి ఇస్తే సగానికి పైగా తిండిలోనే వస్తుంది. మిగతాది 500 మిల్లీగ్రాముల కాల్షియం గోళీ ఒకటి అన్నం తిన్నాక. థైరాయిడ్ గోళీ వేసుకుంటుంటే దానికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ గోళీ కూడా దీంతో కలిపి వేయొద్దు.

గోళీలు ఎన్నాళ్లు, ఎంత అన్నది లెక్కగా తేలాలంటే ఒకసారి రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్, విటమిన్ డి, పీటీహెచ్ (కాల్షియంను అదుపు చేసే హార్మోను) పరీక్షలు చేయించండి. విటమిన్ డి తక్కువుంటే సాధారణంగా వారానికి ఒకటి 60,000 యూనిట్లది, ఎనిమిది వారాలు ఇస్తారు. అది వారానికి వేసే గోళీ. రోజూ వేసుకొని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, కవరు మీద వారం పేరు రాసి పెట్టండి. కాల్షియం మామూలు కంటే ఎక్కువ ఉందని వస్తే మాత్రం గోళీలు ఆపి వెంటనే డాక్టరును కలవండి.

తక్కిన తెలుపులు తొందరగా చెప్తాను. తొడ లోపలి వైపు రైలు పట్టాల్లా రెండు సన్నటి సమాంతర గీతలు కనిపిస్తే అవి రక్తనాళం గోడలు, షుగరు, కిడ్నీ జబ్బు, పొగాకు వల్ల సున్నం పట్టినవి. వాటికి తుంటితో పని లేదు గానీ షుగరు, క్రియాటినిన్, పాదాల దగ్గర నాడి చూపించుకోవాలి. పిరుదుల్లో గుండ్రటి, గుడ్డు పెంకులాంటి మచ్చలుంటే అవి ఎప్పుడో వేయించుకున్న సూదుల గుర్తులు. చిన్న జ్వరానికీ సూది వేయించుకున్న తరంలో ఇవి చాలామందికి ఉంటాయి, ఏమీ చేయనక్కర లేదు. పొత్తికడుపు కింద సిరల్లో ఏర్పడే చిన్న చిన్న గుండ్రటి చుక్కలు కూడా అంతే. బంతి మార్చే ఆపరేషన్ అయినవాళ్లకు రాడ్డు చుట్టూ తెల్లగా ఉండేది ఎముక సిమెంటు కావచ్చు, అది పెట్టిందే.

మీ అత్తమ్మ తుంటి పక్క నొప్పికి ఈ తెలుపే కారణం కానక్కర లేదు. నాలుగు నెలలకు అక్కడ నొప్పి ఉంటే మొదట చూడాల్సింది బంతిలోకి వెళ్లిన స్క్రూ వెనక్కి జారి తొడ బయటి పొరను గీరుకుంటోందా అని. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, పైనున్న కుడి తొడ గుబ్బ మీద వేలితో నొక్కితే సరిగ్గా ఆ చోటే చురుక్కుమంటుంది. పక్క ఫిల్మ్‌లో స్క్రూ తల ఎంత బయటకు వచ్చిందో ఆపరేషన్ మరునాటి ఫిల్మ్‌తో పోల్చి చెప్పమనండి. నొప్పి పక్కన కాక గజ్జలో ఉండి, అడుగు వేసినప్పుడు పెరుగుతుంటే జాగ్రత్త. స్క్రూ బంతిని చీల్చుకొని పైకి వస్తున్నా, ఎముక అతుక్కోకపోయినా నొప్పి గజ్జలోనే వస్తుంది.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా తేదీ కోసం చూడకుండా వెంటనే చూపించండి: నిన్నటి దాకా నడిచిన మనిషి ఇవాళ కాలు మోపలేకపోవడం, కాలు పొట్టిగా అవడం లేదా బయటికి తిరిగిపోవడం, కుట్ల చోట ఎరుపు, చీము, జ్వరం, ఒక పిక్క వాచి గట్టిపడి నొప్పి పెట్టడం. పిక్క వాపుతో పాటు ఆయాసం కూడా వస్తే అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నాళంలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తికి పోయి ఉండొచ్చు. కండలో ఎముక పుట్టే మొదటి వారాల్లో తొడ వేడెక్కి, వాచి, కొద్దిగా జ్వరం కూడా వస్తుంది కాబట్టి కండలో ఎముక, చీము, నాళంలో గడ్డ, ఈ మూడింటిలో ఒకదాన్ని చూసి ఇంకొకటని డాక్టర్లు కూడా ఒక్కోసారి పొరపడతారు. పిక్కకు డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్), రక్తంలో సీఆర్‌పీ (వాపు, చీము ఉంటే పెరిగే పరీక్ష) చేస్తే తేలుతుంది. ఆపరేషన్ తర్వాత పెరిగిన సీఆర్‌పీ రెండు మూడు వారాల్లో దిగిపోవాలి. నాలుగు నెలలకు కూడా ఎక్కువ ఉంటే చీము గురించి ఆలోచించాల్సిందే.

మళ్లీ ఆపరేషన్ పడుతుందా అని అడిగారు. ఆమె వాకర్‌తో తిరుగుతోంది. కుర్చీలో కూడా కూర్చోగలుగుతుంటే తుంటి దాదాపు 90 డిగ్రీలు వంగుతున్నట్టే. అలాంటప్పుడు కండలోని ఎముక కోసం కోత అక్కర లేదు. మూడు, నాలుగు మెట్లలో ఉండి, కుర్చీలో కూడా కూర్చోలేనంతగా కాలు బిగిస్తేనే తీస్తారు. అదీ ఆ ఎముక పూర్తిగా ముదిరాకే, కనీసం ఆరు నెలలు, చాలామంది ఏడాది దాటాక. ముందే తీస్తే మళ్లీ పుడుతుంది. తీశాక తిరిగి రాకుండా ఇండోమెథాసిన్ 25 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఆరు వారాలో, ఆపరేషన్‌కు ముందు రోజు నుంచి తర్వాత మూడు రోజుల లోపు ఒక్కసారి రేడియేషనో ఇస్తారు. ఈ ఇండోమెథాసిన్ పేరు విని మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. ఆపరేషన్ అయిన వెంటనే ముందు జాగ్రత్తగా పని చేసే మందు అది, నాలుగు నెలలకు వేసినా ఉన్న ఎముక కరగదు. ఈ వయసులో కడుపులో రక్తం పడటం, కిడ్నీ దెబ్బ తినడం మాత్రం ఖాయంగా గుర్తుపెట్టుకోవాల్సిన ప్రమాదాలు. పైగా ఈ జాతి నొప్పి మందులు రోజుల తరబడి వేస్తే ఎముక అతుకు మందగిస్తుంది. నొప్పికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, రోజుకు మూడు సార్లు దాటకుండా, లివర్ జబ్బు లేకపోతే వాడండి.

కాలు వంగడానికి ఇంట్లో చేయించాల్సింది ఇది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మడమను పరుపు మీద జార్చుకుంటూ మోకాలు తన బలంతోనే ఎంత వస్తే అంత ముడుచుకోమనండి, మీరు నెట్టొద్దు. పది సార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ బిగించి ఐదు సెకన్లు నొక్కమనండి, అదీ పది సార్లు. కిచెన్ గట్టు పట్టుకొని నిలబడి కుడికాలు పక్కకు చాపి దించడం పిరుదు కండకు మంచిది. రాడ్డు వేసిన కాలు మీద ఎంత బరువు మోపవచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగాకే ఇది మొదలుపెట్టండి. వ్యాయామం తర్వాత నొప్పి రెండు గంటలు దాటి ఉంటే మరునాడు సగానికి తగ్గించాలి.

కింద కూర్చోవడానికి, బాసిపట్లు వేయడానికి తుంటి 90 డిగ్రీల కంటే చాలా ఎక్కువ వంగాలి, పక్కకూ తెరుచుకోవాలి. నాలుగు నెలలకు అది రాలేదంటే ఇప్పుడే చింతించాల్సిన పని లేదు. ఎక్స్‌రేలో అతుకు పూర్తయిందని డాక్టరు చెప్పేదాకా ప్రయత్నించొద్దు. అప్పటిదాకా మోకాలి ఎత్తుకు తగ్గని కుర్చీ, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ పెట్టండి. బోరు దగ్గర నాచు గీకించి, ఆమె స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. తర్వాతి ఎక్స్‌రే ఆరు నెలలు నిండినప్పుడు, అదే మోస్తరు ఫిల్మ్‌లో, వీలైతే అదే సెంటర్‌లో తీయించి, పాతవన్నీ కలిపి పట్టుకెళ్లండి. ఆపరేషన్ వివరాలున్న డిశ్చార్జి కాగితం, రాడ్డు కంపెనీ స్టిక్కరు అంటించిన పేజీ కూడా ఆ సంచిలోనే పెట్టుకోండి. ఎప్పుడైనా స్క్రూ తీయాల్సి వస్తే ఏ సైజు పరికరం కావాలో ఆ స్టిక్కరు చూసే తెలుస్తుంది.